పి.ఆర్. ఏజెన్సీలో ఇంటర్న్‌షిప్ అంటే ఏమిటి?

(హోసూరులో ఉపకార వేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను బ్యాంకులో గుమాస్తాగా చేరి గుమాస్తాగానే రిటైరైనవాణ్ణి. చదివింది బీకాం. అందుకని బీకాం పిల్లలంటే నాకు కొంచెం పక్షపాతం. ఈమధ్య ఒక తండ్రి నన్ను అడిగారు: "అయ్యా, మా అమ్మాయికి బెంగళూరులో పి.ఆర్. ఏజెన్సీలో ఇంటర్న్‌షిప్ వచ్చిందంట. రిసెప్షన్లో కూర్చోబెడతారా?" ఈ సందేహం చాలామందికి ఉంది కనుక ఈరోజు దాని గురించే మాట్లాడతాను.

పి.ఆర్. అంటే పబ్లిక్ రిలేషన్స్, ప్రజా సంబంధాలు. ప్రకటనల వ్యాపారం వేరు, ఇది వేరు. ప్రకటనకు పత్రికలో స్థలం డబ్బిచ్చి కొంటారు. పి.ఆర్. వారు సమాచారాన్ని విలేఖరికి అందిస్తారు, వేయడం వేయకపోవడం పత్రిక ఇష్టం. 2008 సెప్టెంబరులో అమెరికాలో లేమన్ బ్రదర్స్ దివాలా తీశాక ఐసిఐసిఐ బ్యాంకు మీద వదంతులు పుట్టి, ఖాతాదారులు ఏటీఎంల ముందు బారులు తీరారు. ఆ నెల 30న రిజర్వు బ్యాంకు, ఆ బ్యాంకు దగ్గర నగదుకు కొరత లేదని ప్రకటన ఇచ్చింది. అలాంటి రోజున ఏ మాట, ఎవరి ద్వారా, ఏ భాషలో, ఎంత త్వరగా జనానికి చేరాలో చూడడమే ఈ వృత్తి.

ఇంటర్నుకు మొదట ఇచ్చే పని చప్పగా ఉంటుంది. పొద్దున్నే పత్రికలు చూసి క్లయింటు గురించి ఎక్కడ ఏం వచ్చిందో పట్టిక వేయాలి. ఏ విలేఖరి ఏ విషయం రాస్తారో జాబితా సరిచూడాలి. తర్వాత ప్రెస్ నోట్ ముసాయిదా రాయిస్తారు, ప్రెస్ మీట్‌కు తీసుకెళతారు.

కామర్స్ పిల్లలకు ఇందులో మంచి అవకాశం ఉంది. స్టాక్ మార్కెట్లో నమోదైన కంపెనీలు మూడు నెలల ఫలితాలను 45 రోజుల్లోగా, ఏడాది ఫలితాలను 60 రోజుల్లోగా వెల్లడించాలి. లాభం పెరిగింది సరుకు అమ్మితేనా, స్థలం అమ్మితేనా అని లెక్క చూసి చెప్పగలిగినవారు ఆ రోజుల్లో ఏజెన్సీకి కావాలి. అయితే ఒక జాగ్రత్త. వెల్లడి కాని ఫలితం మీ కంటపడితే ఇంట్లో కూడా చెప్పకండి. దాన్ని పట్టుకుని ఎవరైనా షేర్లు కొంటే సెబీ 2015 నిబంధనల కింద నేరం. ఖాతాదారు నిల్వ బయట చెప్పకూడదని బ్యాంకులో మాకు చేరిన రోజే చెప్పేవారు. ఇదీ అలాంటిదే, కాకపోతే శిక్ష పెద్దది.

ఇక భాష. హోసూరు పిల్లలు ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, ఇంగ్లీషు, వీధిలో కన్నడం మాట్లాడతారు. ఒకే ప్రెస్ నోట్ నాలుగు భాషల్లో పంపే ఏజెన్సీకి ఇంతకంటే ఏం కావాలి? కానీ మనవాళ్లలో చాలామందికి తెలుగు చదవడం, రాయడం రాదు. మాట్లాడడం మాత్రమే వస్తే ఫోన్లకు పనికొస్తారు, అనువాదం సరిచూడలేరు. సెలవుల్లో రెండు నెలలు కూర్చుంటే అక్షరాలు వచ్చేస్తాయి. కన్నడ లిపి తెలిసినవారికి ఇంకా త్వరగా వస్తాయి.

డబ్బు సంగతి. కొన్నిచోట్ల స్టైపెండ్ ఇస్తారు, కొన్నిచోట్ల సర్టిఫికెట్ ఒక్కటే. నెలల తరబడి ఊరికే పని చేయించుకోవడం నాకు నచ్చదు. బస్సు చార్జీ, మధ్యాహ్నం భోజనం లెక్క వేసుకోండి. యూజీసీ 2024 మార్గదర్శకాల్లో 60 నుంచి 120 గంటలని ఉంది. రోజుకు ఆరు గంటల చొప్పున 120 గంటలంటే 20 రోజులు. మీ కాలేజీ ఎన్ని గంటలు అడుగుతుందో ముందు కనుక్కోండి. జీతం లేనిచోట అంతవరకే ఒప్పుకోండి. డిపాజిట్ కట్టమన్నవారి గడప తొక్కకండి, పని నేర్పేవారు మీ దగ్గర డబ్బు అడగరు.

ఆడపిల్లల తల్లిదండ్రుల భయం నాకు తెలుసు. పనిచోట లైంగిక వేధింపులను అరికట్టే 2013 చట్టం జీతం లేని ట్రైనీలకూ వర్తిస్తుంది. పదిమంది లేదా అంతకు మించి పనిచేసే ఆఫీసులో ఫిర్యాదుల కమిటీ ఉండి తీరాలి. చేరే రోజున అందులో ఎవరున్నారో అమ్మాయినే అడగమనండి, మీరు ఫోన్ చేయకండి. ప్రెస్ మీట్ రాత్రి పొద్దుపోయేదాకా సాగితే ఇంటికి చేర్చే ఏర్పాటు ఏమిటో కూడా ముందే తేల్చుకోవాలి.

చేరే తేదీ, ముగిసే తేదీ, పని వేళలు, స్టైపెండ్, సర్టిఫికెట్ ఎప్పుడిస్తారన్నది, ఇవన్నీ ఉత్తరంలో ఉండాలి. ఆదివారం ఉదయాలు నేను ట్రస్టు ఆఫీసులోనే ఉంటాను. సంతకం పెట్టకముందు ఆ ఉత్తరం తీసుకురండి, కలిసి చదువుదాం. సెలవు.