'నాకు తెలియదు' అంటే సరిపోతుందా?
(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి, మెడికల్ బిల్లుల గురించి కార్యదర్శి గారు వివరంగా చెప్పారు గనుక నేను వేరే విషయం తీసుకుంటున్నాను. అమెరికా అధ్యక్షులుగా రొనాల్డ్ రీగన్ ఉన్న కాలంలో బయటపడిన ఇరాన్-కాంట్రా వ్యవహారం అది. ఎక్కడి వాషింగ్టన్, ఎక్కడి మనం అనుకోవద్దు. ఇది ఫైళ్ళ కథ, సంతకాల కథ. ఆ రెండూ మనకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు?

ముందుగా జరిగినది క్లుప్తంగా మనవి చేస్తాను. లెబనాన్‌లో కొందరు అమెరికన్లు బందీలుగా చిక్కారు. వారిని పట్టుకున్న వర్గాలపై ఇరాన్‌కు పలుకుబడి ఉంది. ఇరాన్‌కు ఎవరూ ఆయుధాలు అమ్మరాదని లోకానికి చెబుతున్న అమెరికాయే 1985, 1986 సంవత్సరాలలో రెండు వేలకు పైగా టాంకు విధ్వంసక క్షిపణులను గుట్టుగా అక్కడికి చేరనిచ్చింది. ముగ్గురు బందీలు విడుదలయ్యారు. 1986లోనే మరో ముగ్గురిని పట్టుకుపోయారు. చివరకు మిగిలిన లాభం ఏమిటో మీరే లెక్కవేయండి.

అంతేకాదు. ఆ అమ్మకాల మిగులులో సుమారు 38 లక్షల డాలర్లు నికరాగ్వాలోని కాంట్రా తిరుగుబాటుదారులకు మళ్ళించారు. వారికి సైనిక సహాయం చేయరాదని అమెరికన్ కాంగ్రెసు 1984లోనే చట్టం చేసింది. చట్టసభ వద్దన్న పనికి సొమ్ము మళ్ళిస్తే ఆడిట్ వారు ఏమంటారో మీకు నేను చెప్పనక్కరలేదు.

1986 నవంబరులో ఒక లెబనాన్ పత్రిక గుట్టు రట్టు చేసింది. జాతీయ భద్రతా సలహాదారు పాయిండెక్స్‌టర్ రాజీనామా చేశారు. ఆయన కింద పనిచేసిన ఆలివర్ నార్త్‌ను తొలగించారు. అప్పటికే నార్త్ కాగితాలను యంత్రంలో పెట్టి ముక్కలు చేశారు. రీగన్ సంతకం ఉన్న 1985 డిసెంబరు నాటి ఒక అనుమతి పత్రాన్ని పాయిండెక్స్‌టర్ తానే చింపేశారు. కంప్యూటరులో చెరిపేసిన సందేశాలు మాత్రం నకలు టేపులలో దొరికాయి!

ఇక అధ్యక్షుని బాధ్యత ఎంత? ఆయుధాల అమ్మకం విషయంలో సందేహం లేదు. విదేశాంగ మంత్రి షుల్జ్, రక్షణ మంత్రి వైన్‌బర్గర్ వద్దన్నా, 1986 జనవరిలో రీగన్ సంతకం చేశారు. కాంగ్రెసుకు చెప్పలేదు. 1985 ఆగస్టులో తొలి విడతకు ముందుగా అనుమతించారా అని టవర్ సంఘం అడిగితే మొదట అవునన్నారు, తరువాత కాదన్నారు, చివరకు గుర్తులేదని జాబు వ్రాశారు. అప్పుడాయన వయస్సు 76. ఆ వయస్సులో మరుపు ఎవరికైనా సహజమే. ఫైలు పెట్టేది అందుకే కదా!

1987 మార్చి 4న ఆయన దేశ ప్రజల ముందు బాధ్యత తనదేనని ఒప్పుకున్నారు. అది మెచ్చుకోదగినదే.

నిధుల మళ్ళింపు సంగతి వేరు. అధ్యక్షునికి తాను చెప్పలేదని పాయిండెక్స్‌టర్ సాక్ష్యమిచ్చారు. రీగన్‌కు తెలుసుననే రుజువు దొరకలేదు. అయినా కాంగ్రెసు విచారణ సంఘాలు 1987 నవంబరులో, తెలియకపోతే తెలుసుకోవలసింది అని తేల్చాయి. నా అభిప్రాయమూ అదే. బందీలను ఎలాగైనా విడిపించాలని, కాంట్రాలను ఎలాగైనా నిలబెట్టాలని పై అధికారి పట్టుబట్టి, "ఎలా?" అని అడగకపోతే, క్రింది వారు దానిని అనుమతిగానే తీసుకుంటారు.

ఫలితం ఏమైంది? 14 మందిపై కేసులు పెట్టారు. అందులో రీగన్ లేరు. నార్త్, పాయిండెక్స్‌టర్‌ల శిక్షలను అప్పీలు కోర్టు కొట్టివేసింది. 1992 డిసెంబరులో అధ్యక్షులు బుష్ ఆరుగురికి క్షమాభిక్ష పెట్టారు. రీగన్ నేరం చేసినట్లు నమ్మదగిన సాక్ష్యం లేదని, అయితే ఇతరుల నేరాలకు రంగం సిద్ధం చేసింది ఆయనేనని ప్రత్యేక న్యాయవాది వాల్ష్ తుది నివేదికలో వ్రాశారు.

మన పిల్లలు, మనుమలు ఉద్యోగాలలో ఉన్నారు. నోటిమాట ఉత్తర్వు అందితే, వినయంగానే, వ్రాతపూర్వకంగా ధృవపరచమని కోరమనండి. పై కుర్చీలో ఉన్నవారైతే, తమ పేరు మీద ఏం జరుగుతోందో అడిగి తెలుసుకోమనండి. కుర్చీతో పాటు వచ్చే బాధ్యత అది.