కొవ్వొత్తి ఆరితే నీరెందుకు ఎక్కింది?

విద్యార్థులారా, ఈ ప్రయోగం మీలో చాలామంది చేసే ఉంటారు. పళ్ళెంలో నీళ్ళు పోసి, మధ్యలో సన్నని కొవ్వొత్తి వెలిగించి, దానిమీద గాజు గ్లాసు బోర్లిస్తాం. మంట ఆరుతుంది, నీరు గ్లాసులోకి ఎక్కుతుంది. ఆక్సిజన్ ఖర్చయి ఆ ఖాళీలోకి నీరు వచ్చిందనీ, గాలిలో ఐదో వంతు ఆక్సిజన్ ఉన్నట్టు రుజువైందనీ చెబుతుంటారు. నేనూ కొన్నేళ్ళు అలాగే చెప్పాను. అది తప్పు.

ఈసారి పెద్దవాళ్ళను పక్కన ఉంచుకొని, నీరు ఎప్పుడు ఎక్కుతుందో గమనించండి. మంట బాగా వెలుగుతున్నంతసేపూ దాదాపు కదలదు. ఆరే సమయంలో గబగబా ఎక్కుతుంది. ఆక్సిజన్ తగ్గడమే కారణమైతే మొదటినుంచీ మెల్లమెల్లగా ఎక్కాలి కదా? ఒక్కోసారి గ్లాసు అంచు కిందనుంచి బుడగలు కూడా వస్తాయి. వేడికి వ్యాకోచించిన గాలి బయటికి పోతోందన్నమాట. మంట ఆరాక మిగిలిన గాలి చల్లబడి సంకోచిస్తుంది. అప్పుడు బయటి వాతావరణ పీడనం నీటిని లోపలికి నెడుతుంది. అదే గ్లాసు కింద మూడు కొవ్వొత్తులు పెట్టి చూడండి, నీరు ఇంకా పైకి వస్తుంది. లోపలి ఆక్సిజన్ పెరగలేదే! పైగా మంట ఆరేనాటికి అందులో ఆక్సిజన్ ఇంకా చాలా మిగిలే ఉంటుంది.

మరి ఐదో వంతును చూడాలంటే? మంట అక్కర్లేదు, ఓపిక కావాలి. గ్లాసు లోపల తడిపి ఇనుప రజను చల్లి, నీళ్ళ పళ్ళెంలో బోర్లించండి. (స్టెయిన్‌లెస్ స్టీలు పీచు వద్దు, అది తుప్పు పట్టదు.) తుప్పు ఆక్సిజన్‌ను తనలో కలుపుకుంటుంది. పళ్ళెంలో నీళ్ళు తగ్గకుండా పోస్తూ, వారం పది రోజులు నీటి మట్టం దగ్గర రోజుకో గీత గీయండి. గీతలు ఎక్కడ ఆగుతాయో స్కేలుతో కొలవండి.