పదేళ్ళ తర్వాత మా ఇల్లు

మా అమ్మాయికి 14, అబ్బాయికి 11. మరో పదేళ్ళకు వాళ్ళెలా ఉండాలని ఆశపడుతున్నానో చెబుతాను, వినండి.

హిందూ ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కూతురికీ సమాన వాటా అని మన ఆంధ్రప్రదేశ్‌లో 1985 నుంచే చట్టం. అప్పటికే పెళ్ళయినవారికి అది వర్తించలేదు. 2005లో దాదాపు దేశమంతటా, పెళ్ళయిన కూతుళ్ళకూ ఆ హక్కు వచ్చింది. అయినా ఏం లాభం? పసుపు కుంకుమల కింద ఓ చీర పెట్టి సంతకం చేయించుకునే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. వాటా అడిగిన ఆడపిల్లకు పుట్టిల్లే దూరమవుతోంది.

మా అబ్బాయి, అక్క అడక్కుండానే ఆమె వాటా ఇవ్వాలి. ఆ ఏడు సంక్రాంతికీ అక్క నవ్వుతూ మా గడప తొక్కాలి. అందుకే ఇల్లూ పొలం మాట వచ్చినప్పుడల్లా "అది మీ ఇద్దరిదీ" అంటున్నాను. మీరూ అనండి, పిల్లలిద్దరూ వింటూండగానే!