ఇంట చేతితో తోలుసంచి కుట్టుట
(వార్షిక మహాసభయందలి ఉపన్యాసము)



కార్యనిర్వాహకులు మమ్ము సంస్కృతవిద్యను గూర్చి మాటలాడుమనిరి. తోలుతో చేతిసంచి కుట్టుటను గూర్చి చెప్పెదమని మేమంటిమి. ఈ రెంటికిని దూరము మీరనుకొన్నంత లేదు. అమరసింహుని కోశమున శూద్రవర్గమందు చర్మకారుని పేరును, తోలును పొడుచు పనిముట్టునకు ‘ఆర’ యను పేరును గలవు. మన తాతల చేతిలోని ఆరె యదియే. బడిలో ఆ పుట చెప్పునప్పుడు మే మెన్నడును గొంతు తగ్గింపలేదు.

“ఈ పని విడుచుటకే గదా చదువుకొంటిమి, మరల దీనిలోనికి పిలుతురేల?” యని మన పట్టభద్రులు కొందరు కోపింతురు. వారి కోపము న్యాయమైనదే. లంద కంపు, సున్నపునీట పగిలిన చేతులు, వెట్టి, ఊరివెలుపలి బ్రతుకు—ఇవి మరువదగినవి కావు. మేము లంద కడకు పొమ్మనుట లేదు. పదునైన తోలును అంగడిలో కొని, వసారాలో చాపపై కూర్చుండి చేయు పనిని గూర్చి చెప్పుచున్నాము. పిల్లలచేత బడి మాన్పించి దీనిని చేయింపరాదు. సెలవుదినములు చాలును.

రవీంద్రనాథ టాగూరు 1922లో స్థాపించిన శ్రీనికేతనమునందు తోలుపని నేర్పిరి. ఆయన కుమారుడు రథీంద్రనాథుడు స్వయముగా తోలుపని చేసినవాడు. జమీందారు బిడ్డ చేసిన తోలుపనిని లోకము కళ యన్నది. మన తాత చేసినదానిని కులపని యన్నది. తోలు మారలేదు, ఆరె మారలేదు. ఈ భేదమే మమ్ము నేడు మాటలాడించుచున్నది.

ఇక పనికి వత్తము. తంగేటిపట్ట, కరక్కాయ మొదలగువాని రసమున పదునుచేసిన తోలును అడిగి కొనవలెను. క్రోము లవణముతో పదునుచేసినది మెత్తగానుండును, నీటికోర్చును. కాని తడిపి వంచిన రూపము నిలుపుకొనదు, రుద్దినను అంచు నునుపెక్కదు. మొదటి సంచికి రెండు మిల్లీమీటర్ల మందము చాలును. ముందుగా అట్టపై రెండు పలకలు, మూత, ప్రక్కపట్టీ, భుజపుపట్టీ గీసి కత్తిరించి, ఆ అట్టసంచిని కూర్చి లోపల ఒక పుస్తకము పెట్టి చూడుడు. అట్ట చెడిన మరియొక అట్ట దొరకును. భుజపుపట్టీని వెన్నువెంబడి నిడుపున కోయవలెను. పొట్టవైపు తోలు సాగును. దానితో చేసిన పట్టీ కొన్నాళ్లకు సంచిని మోకాలికి దింపును!

అంచునకు నాలుగు మిల్లీమీటర్ల లోపల గీటు గీసి, బడిపిల్లల పెట్టెలోని విభాగినితో నాలుగేసి మిల్లీమీటర్ల కొక చుక్క పెట్టి, ఆరెతో పొడువవలెను. కుట్టు పొడవునకు నాలుగురెట్లు దారము తీసి, తేనెమైనము పట్టించి, రెండు కొనలకు రెండు సూదులు గ్రుచ్చవలెను. ప్రతి రంధ్రమునను ఆ రెండు సూదులును ఎదురెదురుగా దాటును. కుట్టుమిషను కుట్టులో పైదారము క్రిందిదారము ఒకదానినొకటి పట్టుకొనియుండును; ఒకటి తెగిన రెండవది సడలును. చేతికుట్టులో ఒకప్రక్క అరిగి తెగినను రెండవప్రక్క నిలిచియుండును. చివర రెండు మూడు రంధ్రములు వెనుకకు మరలి కుట్టి దారము కోయుడు. పారిసునగరమున 1837లో గుఱ్ఱపు సామగ్రి దుకాణముగా పుట్టిన ఎర్మే సంస్థ సంచులను నేటికిని ఈ రెండు సూదుల కుట్టుతోనే కుట్టుదురు. వాని వెల విన్న మన యువకుల కోపము కొంత చల్లారవచ్చును.

అంచులను గరుకుకాగితముతో సమముచేసి, కొంచెము తడిపి, కఱ్ఱముక్కతో వెచ్చబడువరకు రుద్దవలెను. ఆముదము గుడ్డకద్ది పలుచగా తుడిచిన చాలును. చెప్పులకు పోసినట్లు పోసిన సంచి నల్లబడి, కట్టిన చీరకు మరక పట్టించును. వానకాలమున ప్లాస్టికులో మూటకట్టిన బూజుపట్టును; పాత పంచెగుడ్డ చుట్టి గాలి తగులుచోట నుంచుడు.

వెల కట్టుటలోనే మనవారు మోసపోవుచున్నారు. తోలువెల వ్రాయుదురు, దారమువెల వ్రాయుదురు, కొక్కెమువెల వ్రాయుదురు; కూర్చుండి కుట్టిన గంటలు వ్రాయరు. అది ఇంటిపని, ఆడువారి పని, తీరికవేళ పని యని వ్యాపారి యనును. మనమును తల యూపుదుము. మా యెఱుకలోని యొక తల్లి రెండు దినములు కుట్టిన సంచిని ఒక వర్తకుడు తోలు ఖరీదునకు కొంచెము మించి యిచ్చి తీసికొనిపోయెను. అందుచేత మన సంఘము ఒక చిన్న పుస్తకమును అచ్చొత్తించి, కుట్టు ప్రతి యింటికిని ఈయవలెనని మా ప్రతిపాదన. అందు తేది, తోలు, దారము, గంటలు, అమ్మిన వెల—ఈ యైదు గడులు చాలును. గంటలగడి ఖాళీగానున్న సంచిని సంఘపు అంగడిలో పెట్టరాదు.

మా మనుమరాండ్రు కుట్టిన మూడు సంచులు ద్వారమువద్దనున్న బల్లపై నున్నవి. చేతబట్టి, మూత తెరచి, లోపలి కుట్టును గూడ పరికింపుడు. రెండవదాని ప్రక్కపట్టీ కొంచెము వంకరపోయినది. కుట్టినది ఏడవతరగతి పిల్ల.