తలుపు పలకకు కాస్త చోటు



పదవీ విరమణ తరువాత నేర్చుకున్న పని ఒకటి చెప్పమన్నారు. నేను బీరువా తలుపులు బిగించడం నేర్చుకున్నాను. దానికి కారణం నా తప్పే గనుక, ముందు అదే చెబుతాను.

1996లో మార్కాపురంలో ఇల్లు కట్టుకున్నాను. వానాకాలంలో గోడబీరువాకు టేకు తలుపులు చేయించాను. చేత్తో నెట్టి చూస్తే చట్రంలో పలక కాస్త కదిలింది. ఇదేం పని అని కోప్పడ్డాను. "సార్, అది కదలాల్సిందే. బిగిస్తే చీలుతుంది" అన్నాడు మేస్త్రీ. నేను వినలేదు. కూలిలో రెండు వందలు పట్టుకుని, గాడినిండా వజ్రం పూసి, మేకులు నేనే కొట్టాను. మరుసటి వేసవిలో ఒక మధ్యాహ్నం టప్పుమని చప్పుడైంది. చూస్తే పలక నిలువునా చీలింది.

మేస్త్రీ గిద్దలూరులో పని చేస్తున్నాడని తెలిసి బస్సెక్కి వెళ్లాను. తప్పు ఒప్పుకుని డబ్బు ఇచ్చాను. లెక్కపెట్టి జేబులో వేసుకున్నాడు. తరువాత అన్నాడు: "పలకల ఊళ్లో ఉన్నారు గదా సార్! బడిపిల్లల రాతిపలకను వజ్రంతో అంటిస్తారా? చెక్క చట్రం గాడిలో ఊరికే కూర్చోబెడతారు. ఇదీ అంతే."

కొయ్య పొడవునా దాదాపు పెరగదు, తరగదు. అడ్డంగా మాత్రం వానకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది. అడుగు వెడల్పు టేకు పలకలో ఈ తేడా రెండు మూడు మిల్లీమీటర్లు ఉండవచ్చు. మన పడమటి ప్రాంతపు ఎండలు తెలిసినవే. పలకను కదలకుండా కట్టేస్తే అది చీలాలి, లేదా చట్రం కీళ్లు విడిపోవాలి.

అందుకని చట్రం లోపలి అంచుల్లో 10 మిల్లీమీటర్ల లోతు గాడి తీయాలి. వేసవిలో చేసే తలుపైతే పలకకు అటూ ఇటూ మూడేసి మిల్లీమీటర్ల ఖాళీ వదలాలి. వానల్లో చేసేదైతే ఒకటి చాలు, అది తరువాత ఎలాగూ ముడుచుకుంటుంది. పైనా కిందా ఒక్కో మిల్లీమీటరు చాలు. పలక అంచులకు బిగించకముందే వార్నిష్ వేయాలి. లేకపోతే ముడుచుకున్నప్పుడు తెల్లగీత బయటపడుతుంది. వజ్రం కుసులకూ బెజ్జాలకూ మాత్రమే పూయాలి. అది కారి పలకకు అంటకుండా పలక మూలలకు మైనం రుద్దాలి. చివరగా మూలనుంచి మూలకు రెండువైపులా కొలిచి, చట్రం సరిగ్గా ఉందో లేదో చూసుకోవాలి. ప్లైవుడ్డుకు ఈ బాధ లేదు, దాన్ని అంటించినా ఫర్వాలేదు.

ఆ తలుపుకు కొత్త పలక నేనే వేశాను. ఇప్పటికీ నెట్టితే కాస్త కదులుతుంది. మా ఇంటికి వచ్చిన వాళ్లు వదులైందంటారు. నేను నవ్వి ఊరుకుంటాను. మీ ఇళ్లలో పనిచేసే మేస్త్రీ ఏదైనా వద్దంటే, కూలి పట్టుకునే ముందు ఎందుకని ఒక్కమాట అడగండి.