పంపిన కబురు అందిందా?
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మన బడిలో చదివినవారిలో డాక్టర్లున్నారు, నర్సులున్నారు, నాలాంటి ఇంజనీర్లూ ఉన్నారు. ఆసుపత్రుల్లో వైర్‌లెస్ నెట్‌వర్కులు ఏర్పాటు చేయడం నా వృత్తి. అందుకని నాకు తెలిసిన ఆ సంగతే నాలుగు మాటలు చెబుతాను.

ఒక్క రోగి కోసం డ్యూటీ డాక్టరు, నర్సు, ల్యాబ్ టెక్నీషియను, ఫార్మసీవారు, వార్డుబాయ్ అందరూ పనిచేస్తారు. కానీ వీళ్లు ఒకచోట ఉండరు. రక్తపరీక్షలో పొటాషియం బాగా ఎక్కువగా ఉందని తేలిందనుకోండి. గుండె లయ తప్పే ప్రమాదం ఉంటుంది. ఆ కబురు వైద్యం చేయాల్సిన మనిషికి నిమిషాల్లో చేరాలి.

పూర్వం వార్డులో ల్యాండ్‌లైను మోగితే ఎవరో ఒకరు పరుగెత్తుకొచ్చి తీసేవారు. తరువాత పేజర్లు వచ్చాయి. మామూలు పేజరులో అవతలివారు చూశారో లేదో పంపినవారికి తెలియదు. బ్రిటన్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో 2019లో కూడా సుమారు 1,30,000 పేజర్లు వాడుకలో ఉన్నాయి. 2021 చివరికల్లా వాటిని మానెయ్యాలని అక్కడి ఆరోగ్యమంత్రి ఆదేశించారు. అయితే వైఫై పనిచేయని సమయాల కోసం కొన్ని ఉంచుకోవచ్చన్నారు. అది తెలివైన మాట.

ఎందుకంటే వైర్‌లెస్‌కు దాని కష్టాలు దానికున్నాయి. ఎక్స్‌రే గది గోడల్లోని సీసం సిగ్నల్‌ను అడ్డుకుంటుంది. లిఫ్టులో మాట తెగిపోతుంది. 1998లో అమెరికాలోని డల్లాస్‌లో ఒక టీవీ స్టేషను డిజిటల్ ప్రసారాలు మొదలుపెట్టగానే, దగ్గర్లోని ఆసుపత్రిలో రోగుల గుండెను గమనించే వైర్‌లెస్ పరికరాలకు అంతరాయం కలిగింది. 2000లో అక్కడి ప్రభుత్వం అలాంటి పరికరాలకు ప్రత్యేకంగా ఫ్రీక్వెన్సీలు కేటాయించింది.

ఇలాంటివి ఇంజనీర్లు సరిచేయగలరు. అసలు చిక్కు వేరే ఉంది. పంపడం వేరు, అందడం వేరు. మాస్టారు పేరు పిలవగానే హాజరు వేసేవారు కాదు, "ప్రెజెంట్ సార్" అని వినబడ్డాకే వేసేవారు. ఆసుపత్రి ఫోనూ అలాగే ఉండాలి. ల్యాబ్ కబురు ఆ మంచం చూస్తున్న నర్సుకు వెళ్లాలి. ఆమె "అందింది" అని నొక్కాలి. పెట్టుకున్న గడువులో నొక్కకపోతే అదే కబురు డ్యూటీ డాక్టరుకు, ఆ తరువాత సీనియరుకు దానంతటదే చేరాలి. డ్యూటీ పట్టిక ఎప్పటికప్పుడు సరిచేయకపోతే ఎంత ఖరీదైన ఫోనైనా ఇంట్లో నిద్రపోతున్నవారి దగ్గరే మోగుతుంది.

మందు మోతాదు ఫోనులో చెబితే విన్నవారు తిరిగి అప్పజెప్పాలి. ఫిఫ్టీన్, ఫిఫ్టీ ఫోనులో ఒకేలా వినిపిస్తాయి. అక్కర్లేని అలారాలు తగ్గించాలి. ప్రతిదానికీ మోగే ఫోను "నాన్నా పులి" కథలో పిల్లవాడిలాంటిది, నిజంగా పులి వచ్చినప్పుడు ఎవరూ కదలరు.

మన దగ్గర చాలాచోట్ల వాట్సాప్ గ్రూపులతో పని నడుస్తోంది. ఏమీ లేనిచోట అదీ మేలే. కానీ పదిమందిలో పాము చావదు. నలభైమంది ఉన్న గ్రూపులో పెట్టిన కబురు అందరూ చూస్తారు, ఎవరో చూసుకుంటారులే అని అందరూ అనుకుంటారు. పైగా రోగుల రిపోర్టులు సొంత ఫోన్లలో ఇంటి ఫోటోల మధ్య ఉండిపోతాయి. వ్యక్తిగత సమాచార రక్షణకు మన దేశంలో 2023లో చట్టం వచ్చింది. ఆసుపత్రులు ఆ సంగతి గుర్తుంచుకోవాలి.

ఇక్కడున్న డాక్టర్లకు, నర్సులకు నా విన్నపం ఒక్కటే. ఏ కంపెనీ ఫోను కొనాలా అని ఆలోచించే ముందు, మీ వార్డులో ఒక వారంపాటు అత్యవసర కబుర్లను ఒక నోటుపుస్తకంలో రాయండి. ఎవరు పంపారు, ఎవరికి అందింది, ఎన్ని నిమిషాలు పట్టింది, ఎవరు బదులిచ్చారు. దీనికి పైసా ఖర్చు లేదు. ఆ పుస్తకం పట్టుకుని రండి. మిగతా పని మనం కలిసి చేద్దాం.