పందెం రూలు, సముద్రం రూలు
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ముందు వరసలో నేవీ వారు కూర్చున్నారు. ఆర్మీ సుబేదారు వచ్చి మనకు సముద్రం గురించి చెప్పడమేమిటని నవ్వుకుంటున్నారేమో. నవ్వండి, ఫరవాలేదు. మాది ఖమ్మం జిల్లా. ఊరి చెరువు తప్ప నీళ్లు చూడనివాణ్ణి. తెరచాప పడవ నేర్చుకున్నది సికింద్రాబాదు పోస్టింగులో, హుస్సేన్‌సాగర్ మీద.

అక్కడ మొదట నేర్పేది ఒకే మాట: స్టార్‌బోర్డ్. గాలి పడవకు కుడివైపు నుంచి వస్తుంటే అది స్టార్‌బోర్డ్ టాక్, ఎడమవైపు నుంచి వస్తుంటే పోర్ట్ టాక్. పోర్ట్ వాడు స్టార్‌బోర్డ్ వాడికి దారి ఇవ్వాలి. పందెంలో రెండు పడవలు ఎదురుపడితే స్టార్‌బోర్డ్ వాడు గట్టిగా "స్టార్‌బోర్డ్!" అని అరుస్తాడు, అవతలివాడు తప్పుకుంటాడు. ఏళ్ల తరబడి అరిచీ అరిచీ ఆ మాట నాకు లారీ హారన్ లాగా అయిపోయింది. కొడితే ఎవడైనా పక్కకు జరగాల్సిందే అనుకున్నాను.

1998 జనవరిలో ముంబై హార్బర్‌లో ఒక పోటీ. నేనప్పుడు హవల్దారుని. ఇద్దరు నడిపే ఎంటర్‌ప్రైజ్ పడవ. చుక్కాని నా చేతిలో. ముందు కూర్చున్నవాడు శ్రీకాకుళం జిల్లా కుర్రాడు, చేపలు పట్టే ఇంట పుట్టినవాడు. మేము మూడో స్థానంలో ఉన్నాం, రెండోవాడు చేతికందేంత దూరంలో ఉన్నాడు. ఎదురుగా ఒక మరబోటు నిదానంగా వస్తోంది. కుర్రాడన్నాడు, "అన్నా, వలేసున్నారు. బెండ్లు కనబడతన్నాయి."

నేను వినలేదు. మనం స్టార్‌బోర్డ్ మీద ఉన్నాం, పైగా మనది తెరచాప, వాడిది ఇంజను, వాడే తప్పుకోవాలి అన్నాను. "స్టార్‌బోర్డ్!" అని రెండుసార్లు అరిచాను. ఆ బోటు మీది ముసలాయన చేతులు ఊపుతూ ఏదో చెబుతున్నాడు. దానికి అర్థం నాకు ఒక్క నిమిషం తర్వాత తెలిసింది. పడవ అడుగు పలక వలలో చిక్కుకుంది. ఉన్నపళంగా ఆగి బోల్తా పడ్డాం. తాడు మెలికలో కుర్రాడి కుడిచేతి చూపుడువేలు ఇరుక్కుని విరిగింది. ఆ ముసలాయనే మమ్మల్ని పైకి లాగాడు, తన వల తనే కత్తితో కోసి.

విచారణలో నేను రాసిచ్చిన స్టేట్‌మెంటు నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. "నేను స్టార్‌బోర్డ్ టాక్ మీద ఉన్నాను. ఫిషింగ్ బోటు దారి ఇవ్వలేదు." అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. అందుకే అందరూ నమ్మారు.

కొన్నేళ్లకు పోటీలు నిర్వహించే పనిలోకి నన్ను దింపారు. అప్పుడు రూలు పుస్తకం మొదటిసారి శ్రద్ధగా చదివాను. దారి హక్కుల గురించి చెప్పే రెండో భాగం మొదట్లోనే ఒక చిన్న పేరా ఉంది. మనం ఎప్పుడూ దాటేసి పదో నంబరు రూలు దగ్గరికి వెళ్లిపోయే పేరా. పందెం నియమాలు పందెంలో ఉన్న పడవల మధ్యే చెల్లుతాయి, పందెంలో లేని నౌక ఎదురైతే సముద్రంలో ఢీకొనకుండా ఉండే అంతర్జాతీయ నిబంధనలు గానీ ప్రభుత్వ నిబంధనలు గానీ పాటించి తీరాలి అని. పుస్తకం నాలుగేళ్లకొకసారి మారుతుంది, ఇప్పుడు నడుస్తున్నది 2025-2028ది. ఆ పేరా మాత్రం అలాగే ఉంది.

ఆ అంతర్జాతీయ నిబంధనలు 1972లో కుదిరాయి, 1977 జులై 15 నుంచి అమలయ్యాయి. ఇంజను బోటు తెరచాపకు దారి ఇవ్వాలన్నది వాటిలో ఉన్నమాట నిజమే. కానీ 18వ నిబంధనలోనే ఇంకోటి కూడా ఉంది: వల వేసి, అందువల్ల సులువుగా మళ్లలేని చేపల బోటుకు తెరచాప పడవే దూరంగా తొలగాలి. అంటే ఆ ముసలాయన తప్పు ఇసుమంత లేదు. తప్పుకోవాల్సినవాణ్ణి నేను.

అసలు పందెం రూలు ఎందుకు చెల్లుతుంది? 1894లో స్కాట్లాండులోని క్లైడ్ తీరంలో పందేనికి వచ్చిన సటానిటా అనే పడవ వాల్కిరీ-2ను గుద్ది ముంచేసింది. నౌకా చట్టం ప్రకారమైతే నష్టపరిహారానికి టన్నుకు 8 పౌన్ల పరిమితి ఉంది. పందెం నియమాల్లో మాత్రం మొత్తం నష్టం కట్టాలని ఉంది. కేసు హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా వెళ్లింది. నియమాలకు ఒప్పుకుని పోటీలో చేరినవాళ్ల మధ్య అది ఒప్పందమే, మొత్తం కట్టాల్సిందే అని తీర్పు. ఎంట్రీ ఫారం మీద నా సంతకం ఉంది, నా పోటీదారుది ఉంది. ముసలాయనది ఎక్కడుంది?

తేడాలు చాలా ఉన్నాయి, ఒక్కటి చెబుతాను. పందెంలో వెనకనుంచి వచ్చి, గాలి పోయే వైపున నా ముక్కు నీ పడవ పక్కకు చేరిందంటే, నీకు తప్పుకునే చోటు మొదట ఇచ్చాక, దారి హక్కు నాదవుతుంది. సముద్రపు చట్టంలో అలా కాదు. దాటేవాడు పూర్తిగా దాటి దూరం వెళ్లేవరకు తప్పుకోవాల్సిన బాధ్యత వాడిదే. పందెంలో అలవాటైన చెయ్యి మామూలు ప్రయాణపు పడవ పక్కన అదే పని చేస్తే ఏమవుతుందో ఆలోచించండి.

నేవీ సోదరులు తామెప్పుడూ ఇలా చెయ్యమనుకోవద్దు. 2011 ఆగస్టు 6న ఇంగ్లండులో కౌస్ వీక్ పోటీలో 33 అడుగుల అటలాంటా ఆఫ్ చెస్టర్ అనే పడవ 'హన్నె నట్సన్' అనే పెద్ద చమురు ఓడ ముందుకు వెళ్లింది. అంత పొడుగు ఓడలకు అక్కడ ముందు 1000 మీటర్లు, చెరో పక్క 100 మీటర్లు ఎవరూ రాకూడదు. పడవ తెరచాప ఓడ లంగరుకు చిక్కుకుంది. మనుషులు బతికారు. పడవ నడిపినది బ్రిటిష్ నౌకాదళ లెఫ్టినెంటే. 2013లో దోషిగా తేల్చి 3,000 పౌన్ల జరిమానా, లక్ష పౌన్ల ఖర్చులు కట్టమన్నారు. ఓడకు పక్కకు తిరగడానికి చోటు లేదు. ఆ ఓడా పందెంలో లేదు.

మా కుర్రాడి వేలు మళ్లీ వంగలేదు. లో మెడికల్ కేటగిరీ అయ్యాడు. ప్రమోషన్ కేడర్‌కు వెళ్లలేకపోయాడు, నాయక్‌గానే రిటైరయ్యాడు. నేను సుబేదారునయ్యాను. స్టేట్‌మెంటు దిద్దుకునే అవకాశం నాకు రాలేదు, నిజం చెప్పాలంటే నేను వెతకలేదు.

ఈ ప్రసంగం రాసుకున్నాక పోయిన నెల అతనికి ఫోన్ చేసి మొత్తం చదివి వినిపించాను. వేలి గురించి తిడతాడనుకున్నాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత అన్నాడు, "వేలు సంగతి వదిలీ అన్నా. ఆ వల కొత్తది. మా ఇంట్లో అలాంటిది కొంటే తీరడానికి రెండేళ్లు పట్టేది. ఆ తాతకెవరైనా డబ్బులిచ్చారా?"

ఎవరూ ఇవ్వలేదు. ఆ బోటు నంబరు కూడా మేము రాసుకోలేదు.

జైహింద్.